ఖాలిద్ జమీల్ భుజాన పెట్టిన బరువు

2025 అక్టోబరు 14 రాత్రి గోవాలోని మడగావ్‌లో, ఫతోర్దా మైదానంలో, భారత ఫుట్‌బాల్ జట్టు సింగపూర్ చేతిలో 1-2 తేడాతో ఓడిపోయింది. 14వ నిమిషంలో లాలియన్‌జువాలా ఛాంగ్తే దూరం నుండి కొట్టిన బంతి వల చేరినప్పుడు ప్రేక్షకులలో ఆశ చిగురించింది. విరామానికి కొంచెం ముందు ఒకటి, విరామం తరువాత మరొకటి, రెండు గోల్స్ సాంగ్ ఉయ్ యంగ్ అనే ఒకే ఆటగాడు చేసి ఆ ఆశను తుంచివేశాడు. దానితో 2027లో సౌదీ అరేబియాలో జరగవలసిన ఆసియా కప్‌కు భారత్ దారి మూసుకుపోయింది. 2019లోనూ, 2023 సంవత్సరపు పోటీలలోనూ ఆడిన జట్టుకు ఇరవైనాలుగు దేశాల ఈ పందిరిలో ఈసారి పీట దక్కలేదు.

ఆ రాత్రి గీత పక్కన నిలబడి ఉన్న శిక్షకుడు ఖాలిద్ జమీల్. ఆయన పదవిలోకి వచ్చి అప్పటికి రెండున్నర నెలలు. పదమూడేళ్ల తరువాత జాతీయ పురుషుల జట్టుకు పూర్తికాల ప్రధాన శిక్షకుడిగా వచ్చిన తొలి భారతీయుడు ఆయనే. మరునాటి నుండే ఒక ప్రశ్న మొదలయింది: మనవాళ్ల వల్ల అవుతుందా? ఈ ప్రశ్నకు సమాధానం వెతకబోయే ముందు ఆ మనిషి ఎక్కడ నుండి వచ్చాడో, ఆయన చేతికి ఏ స్థితిలో జట్టును ఇచ్చారో చూడవలసి ఉంది.

ఖాలిద్ జమీల్ 1977లో కువైట్‌లో పుట్టారు. తల్లిదండ్రులు భారతీయులు. అక్కడే బాల్యం గడిచింది, ఆట కూడా అక్కడే పట్టుబడింది. గల్ఫ్ యుద్ధం వచ్చి ఎన్నో భారతీయ కుటుంబాలను స్వదేశానికి తరిమినట్లే ఆ కుటుంబాన్నీ తరిమింది. బొంబాయి ఆయన ఊరయింది. గల్ఫ్ దేశాలకు మనుషులను పంపి, వాళ్ల ఉత్తరాల కోసం ఎదురు చూసిన తెలుగు ఇళ్లకు ఇటువంటి తిరుగు ప్రయాణం గురించి విడమరచి చెప్పనవసరం లేదు. బొంబాయిలో మహీంద్రా యునైటెడ్, ఎయిర్ ఇండియా జట్లలో మధ్యవరుస ఆటగాడిగా ఆడారు. భారత జట్టు చొక్కా కూడా వేసుకున్నారు. గొప్ప తారగా పేరు రాలేదు. గాయాలు వెంటాడాయి. చివరి మజిలీగా ముంబయి ఎఫ్‌సీలో చేరిన తరువాత గాయాల వల్లనే 2009లో బూట్లు విప్పివేయవలసి వచ్చింది. అప్పటికి ముప్పై రెండేళ్లు.

ఆట మానిన ఆ ఏడాదే అదే క్లబ్బు ఆయనకు శిక్షణ బాధ్యత అప్పగించింది. నిన్నటి దాకా పక్కన కూర్చున్న ఆటగాళ్లకే నేడు ఆజ్ఞలు ఇవ్వవలసి వచ్చిన స్థితి అది. ముంబయి ఎఫ్‌సీ డబ్బున్న జట్టు కాదు. విదేశీ తారలను కొనగల స్తోమతు లేదు. ఏటా పట్టిక అడుగున కొట్టుమిట్టాడుతూ, కింది శ్రేణికి జారిపోకుండా ఉంటే చాలునన్నట్టు ఉండేది. ఏడు సీజన్ల పాటు ఆ జట్టును ఐ-లీగ్‌లోనే నిలబెట్టారు జమీల్. ముందు గోల్ పడకుండా చూసుకోవాలి, తరువాత దొరికిన ఒక్క అవకాశాన్ని వదలకూడదు. ఇదే ఆయన పద్ధతి. చూడడానికి సొంపైన ఆట కాదని విమర్శకులు అనేవారు. ఆ మాటలో అబద్ధం లేదు. అయితే చేతిలో ఉన్న సరుకును బట్టి వంట చేసే గృహిణిని రుచి తక్కువైందని తప్పుపట్టడం ఎంత న్యాయమో అదీ అంతే. 2016లో క్లబ్బు ఆయనను సాగనంపింది. ఆ తరువాతి సీజన్‌లోనే ముంబయి ఎఫ్‌సీ అట్టడుగున నిలిచి శ్రేణి కోల్పోయింది.

అదే సీజన్‌లో ఈశాన్యాన జరిగినది భారత ఫుట్‌బాల్ చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోవలసిన ఘట్టం. మిజోరం రాజధాని ఐజ్వాల్ పేరున ఉన్న క్లబ్బు అంతకు ముందు ఏడాది ఐ-లీగ్ నుండి కిందికి దిగిపోయింది. గోవా క్లబ్బులు తప్పుకోవడంతో ఖాళీ ఏర్పడి, ఐజ్వాల్‌కు మళ్లీ చోటు దొరికింది. అలా పక్క తలుపు గుండా వచ్చిన జట్టును జమీల్ చేతికిచ్చారు. ఆయన ముంబయిలో తన కింద ఆడిన అశుతోష్ మెహతా, జయేష్ రాణే వంటివారిని వెంట తెచ్చుకున్నారు. సిరియాకు చెందిన మహమూద్ అల్ ఆమ్నా, లైబీరియాకు చెందిన ఆల్ఫ్రెడ్ జర్యాన్ మధ్యవరుసలో నిలిచారు. మిగిలినవారు ఎక్కువగా కొండ ప్రాంతపు కుర్రవాళ్లు. ఎవరికీ పెద్ద పేరు లేదు.

2017 ఏప్రిల్ 22న ఐజ్వాల్‌లో, కొండల నడుమ ఉన్న రాజీవ్ గాంధీ మైదానంలో, కలకత్తా మహాజట్టు మోహన్ బగాన్‌ను 1-0తో ఓడించారు. ఎనిమిది రోజుల తరువాత, ఏప్రిల్ 30న, చివరి పోటీ షిల్లాంగ్ లజోంగ్‌తో. ఆదిలోనే గోల్ ఇచ్చుకున్నారు. రెండవ భాగంలో విలియం లాల్నున్‌ఫెలా దానిని సమం చేశాడు. ఆ 1-1 సరిపోయింది. ఐజ్వాల్‌కు 37 పాయింట్లు, మోహన్ బగాన్‌కు 36. జాతీయ లీగ్ కిరీటం ఈశాన్య రాష్ట్రాల జట్టుకు దక్కడం అదే మొదటిసారి. మహానగరాలకూ పెద్ద పెట్టుబడులకూ మాత్రమే ఆట దక్కుతుందన్న లెక్క ఆ ఒక్క సాయంత్రం తప్పింది.

తరువాతి సంవత్సరాలను త్వరగా చెప్పుకోవచ్చు. 2017-18లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు, లీగ్‌లో నాలుగవ స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 2019 జనవరిలో సీజన్ మధ్యలో మోహన్ బగాన్ బాధ్యత తీసుకున్నారు, అదీ ఎక్కువ కాలం సాగలేదు. కలకత్తా క్లబ్బులలో శిక్షకుల పదవి ఎప్పుడూ అరటి ఆకు వంటిదే. ఆపైన గువాహటిలోని నార్త్ ఈస్ట్ యునైటెడ్‌లో సహాయ శిక్షకుడిగా చేరారు. 2021 జనవరిలో విదేశీ శిక్షకుడిని తొలగించగా తాత్కాలికంగా పగ్గాలు పట్టి, జట్టును సెమీఫైనల్ దాకా నడిపించారు. ఆ ఏడాదే ఇండియన్ సూపర్ లీగ్‌లో పూర్తికాల ప్రధాన శిక్షకుడైన తొలి భారతీయుడిగా నిలిచారు. 2014లో మొదలైన లీగ్‌లో ఒక భారతీయుడికి ఆ కుర్చీ దక్కడానికి ఏడేళ్లు పట్టిందన్న విషయం జమీల్ కంటే లీగ్ గురించి ఎక్కువ చెబుతుంది. ఆ మరుసటి సీజన్‌లో జట్టు అడుగుకు దిగింది. ఆయన కొంతకాలం కింది శ్రేణిలోని బెంగళూరు యునైటెడ్‌తో పనిచేశారు.

2023 చివరి రోజులలో జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ ఆయనను పిలిచింది. 2024-25 లీగ్‌లో ఆ జట్టు సెమీఫైనల్ చేరి, తొలి పోటీలో మోహన్ బగాన్‌ను 2-1తో గెలిచి, కలకత్తాలో 0-2తో ఓడి, రెండూ కలిపిన లెక్కలో ఒక్క గోల్ తేడాతో వెనుదిరిగింది. 2025 మే నెలలో భువనేశ్వర్ కళింగ మైదానంలో జరిగిన సూపర్ కప్ ఫైనల్‌లో గోవా చేతిలో 0-3తో ఓడింది. ట్రోఫీ రాలేదు గాని, వరుసగా రెండేళ్లు దేశపు ఉత్తమ శిక్షకుడిగా సమాఖ్య పురస్కారం ఆయనకే వచ్చింది.

ఇక జాతీయ జట్టు సంగతి. 2023 జులైలో ప్రపంచ పట్టికలో 99వ స్థానం దాకా ఎదిగిన జట్టు, 2025 జులై నాటికి 133కు జారింది. క్రొయేషియాకు చెందిన ఇగోర్ స్టిమాచ్‌ను 2024 జూన్‌లో తొలగించారు. ఆయన కూడా ఆటగాడిగా 1998 ప్రపంచ కప్‌లో మూడవ స్థానం పొందిన జట్టులో ఉన్నవారు. తరువాత వచ్చిన స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్ తెలుగువారికి కొత్త కాదు. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీకి సూపర్ లీగ్ కప్పును తెచ్చిపెట్టినవారు ఆయనే. 2022 మార్చి 20న ఇదే ఫతోర్దా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీలలో గెలిచిన ఆ రాత్రిని హైదరాబాద్ అభిమానులు మరువలేదు. అటువంటి మార్కెజ్ జాతీయ జట్టుతో ఎనిమిది పోటీలలో ఒక్కటే గెలిచారు, అది మాల్దీవులపైన. షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0, హాంకాంగ్‌లో 0-1. 2025 జులై మొదటి వారంలో సమాఖ్యతో పరస్పర అంగీకారంతో తప్పుకున్నారు. హైదరాబాద్‌లో రాణించిన మనిషి ఢిల్లీ పదవిలో ఎందుకు నీరసించారన్నది ఆలోచించవలసిన విషయం. క్లబ్బులో ఆయనకు ఆటగాళ్లు నెలల తరబడి చేతిలో ఉండేవారు. జాతీయ జట్టులో ఏడాదికి కొన్ని వారాలు మాత్రమే.

ఖాళీ అయిన పదవికి నూట డెబ్బై దరఖాస్తులు వచ్చాయి. వాటిలో స్పెయిన్ దిగ్గజం జావి పేరు ఉందని పత్రికలలో పెద్ద సందడి జరిగింది. చివరకు ఆ దరఖాస్తు అసలుది కాదని సమాఖ్యే ప్రకటించవలసి వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియని ఆ ఘట్టం ముగిశాక, ఐ.ఎం. విజయన్ అధ్యక్షతన ఉన్న సాంకేతిక సంఘం ముగ్గురి పేర్లు పంపింది: గతంలో రెండుమార్లు ఈ పదవిలో పనిచేసిన ఆంగ్లేయుడు స్టీఫెన్ కాన్‌స్టాంటైన్, స్లొవేకియాకు చెందిన స్టెఫాన్ తార్కోవిచ్, ఖాలిద్ జమీల్. ఆగస్టు 1న జమీల్‌ను ఎంపిక చేశారు.

అంతకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న భారతీయుడు గోవాకు చెందిన సావియో మెదీరా. ఆయనా మాజీ ఆటగాడే. 2011 డిసెంబరులో దక్షిణాసియా కప్పు గెలిపించారు. కొన్ని నెలల తరువాత నేపాల్‌లో జరిగిన ఛాలెంజ్ కప్‌లో మూడు పోటీలు ఓడి, ఒక్క గోల్ కూడా లేకుండా జట్టు తిరిగి వచ్చింది. 2012లోనే డచ్ దేశస్థుడు కూవర్‌మన్స్ వచ్చేశారు. ఆ తరువాత పదమూడేళ్లు విదేశీయులే. ఇంటివాడికి ఒక్క తప్పు చాలు, బయటివాడికి మూడేళ్ల గడువు. సమాఖ్య పెద్దలు ఈ మాటను ఒప్పుకోకపోవచ్చు గాని, నియామకాల చరిత్ర చెబుతున్నది అదే.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. హైదరాబాద్ నగర పోలీసు జట్టును తీర్చిదిద్దిన బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1950 నుండి 1963లో కన్నుమూసే వరకు భారత జట్టుకు శిక్షకులుగా ఉన్నారు. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణాలు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం ఆయన కాలంలోనివే. జకార్తాలో రహీమ్ కింద ఆడిన పి.కె. బెనర్జీ తరువాత తానే శిక్షకుడై, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం తెచ్చారు. ఆ జట్టు నాయకుడు హైదరాబాద్ బిడ్డ సయ్యద్ నయీముద్దీన్. ఆయన కూడా కాలక్రమంలో భారత జట్టు శిక్షకుడయ్యారు. ఆటగాడిగా అర్జున, శిక్షకుడిగా ద్రోణాచార్య రెండూ అందుకున్నారు. గురువు దగ్గర నేర్చినవాడు గురువై మరొకరిని తయారుచేసిన పరంపర అది. సంగీతంలోనో, చేనేతలోనో ఉండే గురుశిష్య సంబంధం ఆటలోనూ నడిచింది. ఆ దారం ఎక్కడో తెగింది.

జమీల్ చేతికి జట్టు వచ్చేసరికి తెగిన దారాలు మరికొన్ని ఉన్నాయి. 2010లో సమాఖ్య ఒక వాణిజ్య భాగస్వామితో చేసుకున్న పదిహేనేళ్ల ఒప్పందం 2025 డిసెంబరు 8తో ముగిసింది. ఏటా యాభై కోట్ల రూపాయలు సమాఖ్యకు ఆ దారినే వచ్చేవి. కొత్త ఒప్పందం కుదరకపోవడంతో 2025 జులైలోనే సూపర్ లీగ్‌ను నిలిపివేస్తున్నట్టు నిర్వాహకులు క్లబ్బులకు తెలియజేశారు. సమాఖ్య నియమావళి వ్యాజ్యం సుప్రీం కోర్టులో ఏళ్లుగా ఉండి సెప్టెంబరులో గాని తేలలేదు. అక్టోబరులో టెండరు పిలిస్తే ఒక్కరు కూడా ముందుకు రాలేదు. లీగ్ 2026 ఫిబ్రవరిలో గాని మొదలు కాలేదు. అంటే జమీల్ తన మొదటి పోటీలన్నీ ఆటగాళ్లకు లీగ్ లేని కాలంలో ఆడించవలసి వచ్చింది. దుక్కి లేని పొలంలో పంట చూపమన్నట్టు.

అయినా ఆరంభం బాగుంది. ఆగస్టు మధ్యలో బెంగళూరులో శిబిరం పెట్టి, రెండు వారాలలోపే మధ్య ఆసియా నేషన్స్ కప్‌కు వెళ్లారు. మోహన్ బగాన్ తన ఆటగాళ్లను పంపలేదు. ఆగస్టు 29న ఆతిథ్య తజికిస్తాన్‌ను 2-1తో ఓడించారు. అన్వర్ అలీ, సందేశ్ జింగన్ ఇద్దరూ రక్షణ వరుసవారే, మొదటి పదిహేను నిమిషాలలో గోల్స్ చేశారు. గుర్‌ప్రీత్ ఒక పెనాల్టీని ఆపాడు. ఇరాన్‌తో 0-3, అఫ్గానిస్తాన్‌తో 0-0. మూడవ స్థానం కోసం సెప్టెంబరు 8న ఒమన్‌తో 1-1గా ముగించి పెనాల్టీలలో గెలిచారు. పట్టికలో ఎంతో ఎత్తున ఉన్న ఒమన్‌పై ఆ గెలుపు సామాన్యమైనది కాదు. ముంబయిలో నేర్చిన పాఠమే అక్కడ పనిచేసింది: గట్టి రక్షణ, పొడవైన త్రోలు, దొరికిన అవకాశం.

ఆ పాఠానికి ఉన్న హద్దు అక్టోబరులో బయటపడింది. సింగపూర్‌లో జింగన్ ఎర్ర కార్డుతో బయటకు పోగా పదిమందితో ఆడి, 90వ నిమిషంలో రహీమ్ అలీ గోల్‌తో 1-1 చేసుకున్నారు. కాచుకోవడం వరకు అది శెభాష్ అనదగినదే. కాని ఫతోర్దాలో గెలిచి తీరవలసి వచ్చింది. బంతిని తన దగ్గర పెట్టుకొని ఎదుటి రక్షణను విప్పవలసిన ఆట అది. అక్కడ ఈ జట్టుకు తాళంచెవి దొరకలేదు. అవకాశాలను గోల్స్‌గా మార్చే దాడివరుస ఆటగాడు లేకనే, 2024 జూన్‌లో వీడ్కోలు చెప్పిన సునీల్ ఛెత్రీని నలభై ఏళ్ల వయసులో 2025 మార్చిలో వెనక్కు పిలిచారు. ఛెత్రీ తరువాత ఎవరు అన్న ప్రశ్నకు స్టిమాచ్ సమాధానం చెప్పలేదు, మార్కెజ్ చెప్పలేదు, జమీలూ చెప్పలేకపోయారు. సూపర్ లీగ్ క్లబ్బులలో ఆ స్థానాన్ని ఎక్కువగా విదేశీ ఆటగాళ్లతో నింపుతున్నప్పుడు జాతీయ శిక్షకుడు దానిని ఎక్కడ నుండి తేగలడు?

జమీల్ తప్పులు లేవని కాదు. నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1 ఓటమి పూర్తిగా ఆయన ఖాతాలోనిదే. అర్హత ఆశ అప్పటికే పోయింది కనుక కొత్తవారిని ధైర్యంగా ఆడించడానికి అది అనువైన సమయం. 11వ నిమిషంలో గోల్ ఇచ్చి, మిగిలిన ఎనభై నిమిషాలలో జట్టు దానిని సరిచేయలేకపోయింది. బంగ్లాదేశ్ చేతిలో ఓడడం ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి. ఐదు అర్హత పోటీలలో భారత్‌కు దక్కినవి రెండు పాయింట్లు. ప్రపంచ స్థానం 142కు పడిపోయింది. ఇందులో మార్కెజ్ వాటా రెండు పోటీలు, జమీల్ వాటా మూడు. లెక్క లెక్కగానే చెప్పుకోవాలి.

ఇదే 2025లో మహిళల జట్టు సాధించినదానిని పక్కన పెట్టి చూస్తే విషయం ఇంకొంత స్పష్టమవుతుంది. జులై 5న థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో ఆతిథ్య జట్టునే 2-1తో ఓడించి, అర్హత పోటీల ద్వారా తొలిసారిగా ఆసియా కప్‌కు చేరింది. ఆ జట్టులో నిజామాబాద్ జిల్లా తండా నుండి వచ్చిన గుగులోత్ సౌమ్య ఉంది. శిక్షకుడు క్రిస్పిన్ ఛెత్రీ, భారతీయుడు. మనవాళ్ల వల్ల అవుతుందా అన్న ప్రశ్నకు అక్కడ సమాధానం దొరికింది. అయితే అసలు పోటీలు దగ్గరపడగానే 2026 జనవరిలో కోస్టారికాకు చెందిన అమేలియా వాల్వెర్దెను ప్రధాన శిక్షకురాలిగా తెచ్చారు. ఆమె అనుభవజ్ఞురాలే, ప్రపంచ కప్ ఆడిన జట్టుకు శిక్షణ ఇచ్చినవారే. కాని గెలిపించిన ఇంటి మనిషిని పక్కకు జరపడం అన్న పాత అలవాటు ఇక్కడా కనిపిస్తుంది. గెలిస్తే పక్కకు, ఓడితే బయటకు అన్నట్టయితే శిక్షకుడు కావాలన్న కోరిక ఏ మాజీ ఆటగాడికి కలుగుతుంది?

జమీల్ ముంబయి ఎఫ్‌సీలో ఏడు సీజన్లు ఉన్నారు. ఐజ్వాల్ విజయం వెనుక ఆ ఏడేళ్ల పొదుపు ఉంది. తన కింద ఎదిగిన కుర్రవాళ్లనే అక్కడికి తీసుకుపోయారు గదా. జాతీయ జట్టులో అటువంటి గడువు ఇవ్వదలచారా, లేక ఖర్చు తగ్గించుకోవలసిన రోజులలో అందుబాటులో ఉన్న మనిషి కనుక తీసుకున్నారా అన్నది సమాఖ్య చెప్పవలసిన మాట. ఖజానా నిండుగా ఉన్నప్పుడు విదేశీయులు, ఒప్పందం ముగిసి, లీగ్ ఆగి, స్థానం 133కు జారిన వేళ స్వదేశీ అభిమానం. ఈ వరుస క్రమం చూసినవారికి అనుమానం కలగడం సహజమే.

తెలుగు నేల విషయానికి వస్తే, మార్కెజ్‌తో కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ మూడేళ్లు తిరగకుండానే అప్పులలో, బకాయిలలో చిక్కుకుంది. చేతులు మారింది. 2025 అక్టోబరులో, సింగపూర్‌తో ఆ రెండు పోటీలు జరిగిన నెలలోనే, ఆ క్లబ్బు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. రహీమ్ నేర్పిన నగరంలో, గచ్చిబౌలి మైదానం ఉంది గాని, అందులో ఆడడానికి సూపర్ లీగ్ జట్టు లేదు.